గడ్డను వెతుక్కుంటూ వెళ్లే మందు

కళ్లు పచ్చబడ్డాయంటే కర్నూలు, కడప పల్లెల్లో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది పసరు. ఫలానా ఊళ్లో ఆకుపసరు పోస్తారని, ఉప్పూ నూనే మానేసి పత్యం ఉంటే దిగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి ఆ మంచిపేరు పసరుకు దక్కుతుంది. యాభై, అరవై ఏళ్ల మనిషికి నొప్పీ జ్వరమూ లేకుండా వచ్చి రోజురోజుకూ ముదిరే కామెర్ల సంగతి వేరు. ఒళ్లంతా దురద పుడుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలం తెల్లబారుతుంది. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం వెళ్లే దారిని ఏదో నొక్కుతోందన్నమాట. అలా నొక్కేవాటిలో క్లోమం తలభాగంలో పుట్టే క్యాన్సర్ గడ్డ ఒకటి. పసరు మీద గడిచిపోయే నెలా రెండు నెలలు అలాంటి రోగికి చాలా ఖరీదైన కాలం.

క్లోమం, అంటే డాక్టర్లు పాంక్రియాస్ అనేది, పొట్ట వెనకాల వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. జానెడు పొడవు. అక్కడ గడ్డ లేచినా చేత్తో తడిమితే తెలియదు. తిండి సయించకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, యాభై దాటాక హఠాత్తుగా కొత్తగా వచ్చిన షుగరు... ఇవన్నీ దాని గుర్తులే. కానీ ఒక్కోటి విడిగా చూస్తే గ్యాసుకో వయసుకో అంటగట్టడానికి వీలైనవే. అందుకే నూటికి ఎనభై మంది ఆపరేషన్ చేయడానికి వీల్లేని దశలోనే డాక్టరు ముందుకు వస్తారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 5 లక్షల 10 వేల మందికి ఈ జబ్బు బయటపడితే, అదే ఏడాది 4 లక్షల 67 వేల మంది దీనివల్ల చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉన్న క్యాన్సర్లు తక్కువ.

మందులు లేవని కాదు. 2011లో వెలువడిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో, జెమ్‌సిటబిన్ అనే మందు ఒక్కటే తీసుకున్నవారిలో సగంమంది 6.8 నెలలు దాటి బతికారు. ఫోల్ఫిరినాక్స్ అనే మందుల కలయిక తీసుకున్నవారిలో సగంమంది 11.1 నెలలు దాటి బతికారు. పాకిపోయిన పాంక్రియాస్ క్యాన్సర్‌లో అది పెద్ద గెలుపని అప్పుడు డాక్టర్లు సంతోషించారు. నాలుగు నెలల తేడా గెలుపయిందంటేనే ఈ జబ్బు ఎంత మొండిదో తెలుస్తుంది.

ఆ మొండితనానికి గడ్డ నిర్మాణమే ఒక కారణం. పాంక్రియాస్ గడ్డలో క్యాన్సర్ కణాలు కొన్నే. మిగతాదంతా వాటి చుట్టూ పేరుకున్న గట్టి పీచు. ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు ఆ పీచును అల్లుతూ పోతాయి. అందులో రక్తనాళాలు తక్కువ, ఉన్నవీ నలిగిపోయి ఉంటాయి. గట్టిపడిన రేగడిలో తొలకరి జల్లు ఇంకకుండా పైపైనే పారిపోయినట్టు, నరంలోకి ఎక్కించిన మందు గడ్డ లోపలికి దిగక ఒళ్లంతా తిరిగి బయటికి పోతుంది. రోగికి దుష్ఫలితాలన్నీ మిగులుతాయి, గడ్డకు తగలాల్సినంత తగలదు.

మందు ఇలా ఆగిపోయే చోట మరో దారి రేడియేషన్. దాన్ని బయటి నుంచి యంత్రంతో ఇవ్వడం అందరికీ తెలిసిందే. లోపలే పెట్టి ఇవ్వడమూ కొత్తది కాదు. ఆ విద్యలో ప్రపంచం గుర్తించిన తెలుగు డాక్టరు నోరి దత్తాత్రేయుడు వైద్యం చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలోనే. 1956లో మొదలైన ఆ కాలేజీ నుంచి ఆయన న్యూయార్క్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లారు. రేడియోధార్మిక పదార్థాన్ని గడ్డలోనో గడ్డ పక్కనో అమర్చే బ్రాకీథెరపీలో పేరు తెచ్చుకున్నారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. అయితే బ్రాకీథెరపీ చేయాలంటే గడ్డ ఎక్కడుందో తెలియాలి, డాక్టరు చెయ్యి అక్కడికి అందాలి. కాలేయంలో ఇరవై చోట్ల, పొట్ట లోపలి పొరలో మరికొన్ని చోట్ల మొలకలు వేసిన జబ్బుకు అది పనికిరాదు. అక్కడ రేడియేషన్ తనంతట తానే రక్తంలో ప్రయాణించి ప్రతి మొలకనూ పట్టుకోవాలి.

థైరాయిడ్‌కు ఈ పని ఎప్పుడో సాధ్యమైంది. ఆ గ్రంథి అయోడిన్‌ను తనే లాక్కుంటుంది కాబట్టి రేడియోధార్మిక అయోడిన్ ఇస్తే చాలు, నేరుగా అక్కడికే చేరుతుంది. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు ఈ చికిత్స మొదలుపెట్టారు. కర్నూలు, కడప నుంచి ఈ చికిత్సకే పెద్ద నగరాలకు వెళ్లొచ్చినవారు చాలామందే ఉంటారు. పాంక్రియాస్‌కు అలాంటి సొంత ఆకలి లేదు. అందుకని దారి చూపే అణువొకటి తయారు చేసి, దానికి రేడియోధార్మిక లోహాన్ని కట్టి పంపించాలి. ఈ మందుల సూత్రం అంతే. క్యాన్సర్ కణం పైన మాత్రమే ఎక్కువగా కనిపించే ఒక ప్రొటీన్‌ను గుర్తించి అతుక్కునే అణువు ఒక కొస. లుటీషియం-177 లాంటి లోహం రెండో కొస. లోహం జారిపోకుండా పట్టి ఉంచే రసాయన బంధం మధ్యలో.

లుటీషియం-177ను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. అది వదిలే ఎలక్ట్రాన్లు ఒంట్లో మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం వెళ్లి ఆగిపోతాయి. పక్కనున్న మంచి అవయవానికి పెద్దగా తగలవు. గడ్డలో మందు అతుక్కోని పక్క కణాలకు మాత్రం తగులుతాయి. దాంతోపాటు కొంచెం గామా కిరణాలనూ వదులుతుంది కాబట్టి, మందు ఎక్కడెక్కడ చేరిందో కెమెరాతో ఫొటో తీసి చూడొచ్చు. దాని సగం బలం తగ్గడానికి 6.65 రోజులు పడుతుంది. ముంబైలో తయారైన మందు సీసా విమానంలోనో రోడ్డు మీదనో దక్షిణాదికి చేరేలోపు నీరసించిపోదు. ఈ చివరి సంగతి రాయలసీమకు చాలా ముఖ్యం.

ఇక్కడ రోగి కుటుంబం తప్పకుండా తెలుసుకోవాల్సినది ఒకటుంది. పాంక్రియాస్ క్యాన్సర్ అంతా ఒకటే జబ్బు కాదు. నూటికి తొంభైకి పైగా కేసులు జీర్ణరసం ప్రవహించే నాళాల్లో పుట్టే అడినోకార్సినోమా. మిగతా కొద్దిమందిది హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. ఆపిల్ సంస్థను స్థాపించిన స్టీవ్ జాబ్స్‌కు వచ్చింది ఈ రెండో రకమే. 2003లో బయటపడ్డాక ఆయన ఎనిమిదేళ్లు బతికారు. మహేశ్‌బాబు ‘సైనికుడు’లో విలన్‌గా తెలుగువాళ్లకు తెలిసిన ఇర్ఫాన్ ఖాన్ 2018 మార్చిలో తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని ప్రకటించినప్పుడే ఈ పేరు మన పత్రికల్లోకి వచ్చింది. ఈ గడ్డలు పాంక్రియాస్‌లోనే కాక పేగుల్లో, ఊపిరితిత్తుల్లో కూడా పుడతాయి. చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి.

రేడియోధార్మిక మందు గట్టిగా నిరూపించుకున్నది ఈ రెండో రకంలోనే. ఆ కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు గుంపులుగా ఉంటాయి. ఆ హార్మోన్‌ను పోలిన అణువుకు లుటీషియం కట్టిన మందు డోటాటేట్. దాన్ని 229 మంది పేగు ట్యూమర్ రోగులతో పరీక్షించారు. 20 నెలలు గడిచాక, ఈ మందు తీసుకున్నవారిలో 65.2 శాతం మందికి జబ్బు ముదరకుండా నిలిచింది. పోలిక కోసం వేరే మందు ఇచ్చిన రెండో గుంపులో అలా నిలిచింది 10.8 శాతం మందికే. 2018 జనవరిలో అమెరికా ఈ మందుకు అనుమతిచ్చినప్పుడు పాంక్రియాస్‌లో పుట్టిన న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లనూ కలిపింది. కాస్త వేగంగా పెరిగే రకాలున్న 226 మందితో చేసిన మరో పరీక్ష ఫలితం 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు కదలకుండా ఉన్న కాలం 8.5 నెలల నుంచి 22.8 నెలలకు పెరిగింది. ఆ 226 మందిలో సగానికి పైగా పాంక్రియాస్ గడ్డలవారే.

కాబట్టి స్కాన్‌లో గడ్డ కనబడగానే తేలాల్సింది, అది ఏ రకమన్నది. అది తేల్చేది బయాప్సీ. పాంక్రియాస్ దాకా సూది పంపడం ఒకప్పుడు కష్టమయ్యేది. ఇప్పుడు నోటి గుండా పొట్టలోకి పంపే గొట్టం కొసనే అల్ట్రాసౌండ్ ఉంటుంది. పొట్ట గోడలోంచి వెనకనున్న క్లోమాన్ని చూస్తూ సన్నని సూదితో ముక్క తీస్తారు. ఎండోస్కోపీలో దేశానికే పెద్దదిక్కయిన హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి స్థాపకుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కూడా కర్నూలు మెడికల్ కాలేజీ విద్యార్థే. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. బయాప్సీ చేస్తే క్యాన్సర్ రేగుతుందన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. ఆ భయంతో ముక్క తీయించుకోకపోతే, మందున్న రకమో మందు వెతుకుతున్న రకమో ఎవరికీ తెలియకుండానే రోగి చేజారిపోతాడు.

చికిత్స రోజు ఎలా ఉంటుందో చూద్దాం. సీసపు డబ్బాలో భద్రంగా చిన్న సీసా వస్తుంది. అందులోని మందు 7.4 గిగాబెకరెల్, పాత లెక్కలో 200 మిల్లీక్యూరీలు. దానికి ముందే రోగి చేతికి మరో డ్రిప్ పెడతారు. లైసిన్, ఆర్జినిన్ అనే అమినో ఆమ్లాలు అందులో ఉంటాయి. మందు మూత్రపిండాల్లో నిలిచిపోకుండా అవి కాపాడతాయి. రోగికి వికారం తెప్పించేది చాలాసార్లు ఆ డ్రిప్పే. అసలు మందు అరగంటలో ఎక్కిపోతుంది, మంటా నొప్పీ ఉండవు. ఆ తర్వాత మూత్రంలో రేడియోధార్మికత వెళుతుంది కాబట్టి గదికి ప్రత్యేకమైన మరుగుదొడ్డి ఉంటుంది. అక్కడి నీటిని తొట్లలో నిలవ ఉంచి, ధార్మికత తగ్గాకే బయటికి వదులుతారు. గీగర్ మీటరు పెట్టి చూసి, పరిమితిలోకి వచ్చాక ఇంటికి పంపుతారు. కొన్నాళ్లు పసిపిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు, గర్భిణులకు దూరంగా ఉండాలి. మామూలుగా ఎనిమిది వారాలకొకటి చొప్పున నాలుగు డోసులు. మధ్యలో రక్తంలో ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చూస్తుంటారు.

మన దేశానికి ఇందులో ఒక మేలు ఉంది. ఈ లోహం మన దగ్గరే తయారవుతుంది. ముంబై ట్రాంబేలో 1985 నుంచి నడుస్తున్న 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరులో లుటీషియం-176ను న్యూట్రాన్లతో కొట్టించి లుటీషియం-177 చేస్తారు. అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ దాన్ని ఆసుపత్రులకు సరఫరా చేస్తుంది. అమెరికా అనుమతి రాకముందే ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ చికిత్స జరిగింది. విదేశాల్లో ఆస్తులమ్మినా అందని మందు మన ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికిందంటే ఆ ఘనత ఈ సొంత తయారీదే. దీన్ని మనం చెప్పుకోవాల్సినంత చెప్పుకోవడం లేదు.

ఇక అడినోకార్సినోమా. నూటికి తొంభైమంది రోగులది ఇదే. పరీక్షల్లో చేదు అనుభవాలన్నీ ఇక్కడివే.

అమెరికాలోని ఇమ్యునోమెడిక్స్ అనే కంపెనీ, పాంక్రియాస్ గడ్డలు స్రవించే జిగురు ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి యిట్రియం-90 కట్టి క్లివటుజుమాబ్ అనే మందు చేసింది. తొలి అంచెల్లో ఆశ కనబడింది. దాంతో అప్పటికే రెండుసార్లు కీమో తీసుకుని విఫలమైన 300 మందికి పైగా రోగులతో మూడో అంచె పరీక్ష నడిపారు. సగం గడిచాక లెక్క చూస్తే, మందు తీసుకున్నవారు తీసుకోనివారికంటే ఎక్కువకాలం బతకడం లేదు. 2016 మార్చిలో ఆపేశారు. యాంటీబాడీ చాలా పెద్ద అణువు. రక్తంలో రోజుల తరబడి తిరుగుతూ ఎముక మూలుగను కాలుస్తుంది, పీచు గట్టిగా ఉన్న గడ్డలోకి మాత్రం మెల్లగానే దిగుతుంది. ఆ తరువాత పరిశోధకుల చూపు చిన్న అణువుల మీదికి ఎక్కువగా మళ్లింది.

జర్మనీలో రిచర్డ్ బౌమ్ బృందం న్యూరోటెన్సిన్ గ్రాహకాన్ని వెతికే చిన్న అణువుకు లుటీషియం కట్టి, వేరే దారి మిగలని ఆరుగురు పాంక్రియాస్ రోగులకు ఇచ్చింది. 2018లో ఆ వివరాలు ప్రచురించింది. ఆరుగురిలో ఒకరికి గడ్డ తగ్గింది, బాధలు తగ్గాయి. చికిత్స మొదలైన 11 నెలలకు ఆ రోగి చనిపోయారు. ఆరుగురిలో ఒకరు అంటే మందు పనిచేసిందని చెప్పడానికి చాలదు. వదిలేయకూడదని చెప్పడానికి చాలు.

ప్రస్తుతం ఎక్కువ ఆశ పెట్టుకున్నది పీచు మీదనే. గడ్డను కాపాడుతున్న ఆ ఫైబ్రోబ్లాస్ట్‌ల మీద ఎఫ్.ఎ.పి. అనే ప్రొటీన్ విరివిగా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న అవయవాల్లో అది తక్కువ. దాన్ని పట్టుకునే అణువులను జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2018లో లోకానికి చూపించారు. గాలియం-68 కట్టి ఎక్కించి స్కాన్ తీస్తే పాంక్రియాస్ గడ్డలు వెలిగిపోతాయి. ఎవరి గడ్డ స్కాన్‌లో వెలుగుతుందో వారికే, అదే అణువుకు లుటీషియం కట్టి చికిత్సగా ఇవ్వొచ్చు. వెలగనివారిని అనవసరంగా రేడియేషన్‌కు గురిచేయకుండా ముందే ఆపొచ్చు. ఈ మందుల పరీక్షలో నాకు అన్నింటికంటే న్యాయంగా అనిపించే అంశం ఇదే.

చిక్కు మరోచోట ఉంది. ఈ అణువు ఎంత వేగంగా గడ్డలో చేరుతుందో అంత వేగంగానూ జారిపోతుంది. లుటీషియం బలం రోజుల తరబడి ఉంటే, అది కట్టి ఉన్న అణువు గంటల్లో గడ్డను వదిలేస్తోంది. ఎక్కువసేపు పట్టుకుని ఉండేలా ఎఫ్.ఎ.పి.-2286 అనే మందు తయారై పరీక్షల్లో ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చంద్రశేఖర్ బాల్, సంజన బల్లాల్ బృందం జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్ రోష్‌తో కలిసి, రెండు పట్టుకొమ్మలున్న జంట అణువును వేరే క్యాన్సర్ల రోగులకు ఇచ్చి చూసింది. గడ్డలో అది ఎక్కువసేపు నిలిచింది. పాంక్రియాస్ దగ్గర అది ఆయుష్షు పెంచుతుందా అన్నది పెద్ద పరీక్షలే తేల్చాలి.

మరో దారి, రేడియేషన్ రకాన్నే మార్చడం. ఆక్టీనియం-225 వదిలే ఆల్ఫా కణాలు మిల్లీమీటరులో పదోవంతు దూరం కూడా పోవు, కానీ తగిలిన కణపు డీఎన్ఏను రెండు పోగులూ తెంపేస్తాయి. ఎయిమ్స్ బృందం 91 మంది న్యూరోఎండోక్రైన్ రోగులకు ఆక్టీనియం డోటాటేట్ ఇచ్చింది. వారిలో చాలామంది లుటీషియం అప్పటికే తీసుకున్నవారు. రెండేళ్లకు 70.8 శాతం మంది బతికే ఉన్నారు. అయితే ఈ లోహం ప్రపంచమంతటికీ చాలనంత తక్కువగా దొరుకుతోంది. 2024లో అమెరికాలో రేజ్‌బయో కంపెనీ, ఆక్టీనియం దొరకక తన మూడో అంచె పరీక్షలోకి కొత్త రోగులను తీసుకోవడం కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది.

ఆక్టీనియం వచ్చే దారుల్లో ఒకటి థోరియం కుటుంబం. మరొకటి యురేనియం ఖనిజంలో ఉండే రేడియం-226ను సైక్లోట్రాన్‌లో కొట్టించడం. కడప జిల్లావాళ్లకు యురేనియం అంటే పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె గని గుర్తొస్తుంది, దాని వ్యర్థాల చెరువు గుర్తొస్తుంది, బోరునీళ్లు పాడై అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు చేసిన ఫిర్యాదులు గుర్తొస్తాయి. ఈ ప్రాంతంలో రేడియేషన్ అన్న మాటే భయంతో ముడిపడి ఉంది. అలాంటి చోటి నుంచి వెళ్లిన రోగితో ‘మీ నరంలోకి రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం’ అని రెండు ముక్కల్లో చెప్పి సంతకం తీసుకోవడం సరికాదు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు ఉంటుంది, ఇంట్లో పిల్లల సంగతేమిటి అన్నది తెలుగులో, ఆయన అడిగినన్ని సార్లు చెప్పాలి.

సంతకాల విషయంలో తెలుగు నేలకు పాత గాయం ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. ఆ ప్రాజెక్టు కాలంలో జరిగిన కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పినా, అంగీకారం తీసుకున్న తీరు తప్పేనని పార్లమెంటరీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. ఆ తరువాత నిబంధనలు బిగిశాయి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం చెల్లించాలి. దేశంలో జరిగే ప్రతి పరీక్షా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఇది 2009 నుంచి తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఇంట్లో చదువుకున్న మనవడు చూసి పెట్టొచ్చు.

పరీక్షలో చేరమని ఎవరైనా అడిగితే, అది ఎన్నో అంచె అని అడగాలి. మొదటి అంచె ఉద్దేశం ఎంత మోతాదు దాకా ఒళ్లు తట్టుకుంటుందో చూడటమే. కొద్దిమందికి తక్కువ మోతాదు ఇచ్చి, వారికి ఇబ్బంది లేకపోతే తరువాతివారికి కొంచెం పెంచుతారు. అక్కడ చేరే రోగికి జబ్బు తగ్గుతుందన్న హామీ లేదు. తరువాత వచ్చే రోగులకు ఆయన చేసే సాయం పెద్దది. ఈ సంగతి ముందే స్పష్టంగా చెప్పినప్పుడే చేరడమో చేరకపోవడమో ఆయన సొంత నిర్ణయమవుతుంది. పరీక్షలో ఉన్న మందుకు లక్షలు కట్టమని ఎవరైనా అంటే అక్కడ ఆగి, రిజిస్ట్రీ నంబరు అడగాలి.

కర్నూలులో మెడికల్ కాలేజీకి అనుబంధంగా స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. కడపలో రిమ్స్ ఉంది. తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం, పెట్ స్కాన్ ఉన్నాయి. లుటీషియం చికిత్సకు కావాల్సింది సీసపు గోడల గది, మూత్రం నిలవ తొట్లు, అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి, శిక్షణ పొందిన మనుషులు. మందేమో ముంబై నుంచి వారం లోపు వస్తుంది. రాయలసీమ రోగి ఢిల్లీ రైలెక్కకుండా ఇక్కడే ఈ చికిత్స, ఆ తరువాత ఈ పరీక్షలు జరగడానికి అడ్డుపడుతున్నది విజ్ఞానం కాదు, ఏర్పాటు. ప్రభుత్వం తలుచుకుంటే రెండు మూడేళ్లలో చేయగల పని.

ఈలోగా రోగులకు దక్కాల్సిన ఉపశమనం ఆగనక్కర్లేదు. వీపులోకి పాకే నొప్పికి కడుపు వెనకనున్న నరాల గుత్తిలోకి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది, మార్ఫిన్ మాత్రలున్నాయి. మార్ఫిన్ అందించడంలో ఉన్న అడ్డంకులను తగ్గిస్తూ పార్లమెంటు 2014లో చట్టాన్ని సవరించింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అలాంటి విభాగం జిల్లా ఆసుపత్రి స్థాయిలోనూ నడవాలి. కర్నూలులోనూ కడపలోనూ ఆ మాత్రలు రోజూ దొరకాలి.